డోర్ దగ్గర బరువు లేబుల్ తప్పని రీకాల్ లెటర్ వస్తే, స్టిక్కర్ అతికించేస్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ కదండీ. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటున్నారు, మూడు వరసల ఏడు సీట్ల ఎస్‌యూవీ కొని రెండేళ్లయింది, ఇప్పుడు కంపెనీ నుంచి సేఫ్టీ రీకాల్, అంటే బండిలో తప్పుంది ఉచితంగా సరిచేస్తాం అని లెటర్ వచ్చింది, విప్పి చూస్తే డ్రైవర్ డోర్ దగ్గర లేబుల్ మీద బరువు నంబర్ తప్పు పడిందట, 1,250 పౌండ్లు అని ఉంది గానీ అది 1,120 ఉండాలట, కొత్త స్టిక్కర్ కూడా కవర్లోనే పెట్టి పంపారు. బండిలో ఒక్క పార్టు కూడా మార్చనప్పుడు దీన్ని రీకాల్ అనడం ఏంటి, అతికించకపోతే ఏమవుతుంది అని అడిగారు, ఇండియాలో ఇవన్నీ ఎవరు చూస్తారు అని కూడా అన్నారు. చివర్లో, వచ్చే నెల అమ్మానాన్నని, అత్తగారిని తీసుకుని పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్తున్నాం అని కూడా రాశారు. ఆ ముక్క మీరు మాటవరసకి రాసుంటారు, నాకు మాత్రం మీ మొత్తం మెసేజ్‌లో అదే ముఖ్యమైన విషయం అనిపించింది.

నేను డాలస్ వైపు డీలర్‌షిప్ సర్వీస్‌లో 17 ఏళ్లుగా పనిచేస్తున్నా, మొదటి నాలుగేళ్లు టైర్ల దగ్గరే. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. ముందు సూటిగా చెప్పేస్తా: స్టిక్కర్ ఇవాళే అతికించండి, కానీ అసలు పని అది కాదు, ఆ 130 పౌండ్ల తేడా మీ పిట్స్‌బర్గ్ ట్రిప్పుని లిమిట్ లోపల నుంచి లిమిట్ బయటికి తోసేసింది. లెక్క కింద వేసి చూపిస్తా.

డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన పిల్లర్ మీద మామూలుగా రెండు లేబుళ్లు కనిపిస్తాయి. ఒకదాని మీద వీఐఎన్ (బండి గుర్తింపు నంబర్), తయారైన నెల, బండి మొత్తం నిండా లోడుతో ఎంత బరువు దాటకూడదు, ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద ఎంత, వెనక యాక్సిల్ మీద ఎంత అని ఉంటుంది. రెండోది టైర్ బొమ్మ ఉండేది, దాని మీద ఎన్ని సీట్లు, ఏ సైజు టైర్లు, చల్లగా ఉన్నప్పుడు గాలి ఎంత, స్టెప్నీకి ఎంత, ఇంకా మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు ఎప్పుడూ మించకూడదు అనే ఒక వాక్యం ఉంటుంది. మీ రీకాల్ ఆ వాక్యంలో నంబర్ గురించి. నిండా లోడుతో లిమిట్ 10,000 పౌండ్లు మించని బళ్లకి, మోటార్‌సైకిళ్లు తప్ప, ఫెడరల్ సేఫ్టీ స్టాండర్డ్ 110 అని ఒకటుంది, ఆ వాక్యం ఏ మాటల్లో ఉండాలో కూడా అందులోనే రాసిపెట్టారు. నంబర్ తప్పైతే బండి ఆ స్టాండర్డ్‌కి సరిపోనట్టే, 1966 నాటి మోటార్ వెహికల్ సేఫ్టీ చట్టం ప్రకారం స్టాండర్డ్‌కి సరిపోకపోతే చాలు రీకాల్ చేయాల్సిందే, బ్రేకులు ఫెయిలయ్యాయా ఎవరికైనా దెబ్బలు తగిలాయా అన్న ప్రశ్న లేదు. తప్పుందని కంపెనీ తేల్చుకున్నాక ఐదు పనిదినాల్లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి, అంటే బళ్ల భద్రత చూసే ఫెడరల్ సంస్థకి చెప్పాలి, ఆ తర్వాత 60 రోజుల్లోపు ఓనర్లకి లెటర్లు పంపాలి. ఇంకోటి చాలామందికి తెలీదు, తప్పు నిజంగా చిన్నదే, సేఫ్టీకి ఏం కాదు అనుకుంటే కంపెనీ మాకు రీకాల్ నుంచి మినహాయింపు ఇవ్వండి అని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి పిటిషన్ పెట్టుకోవచ్చు, లేబుల్ తప్పుల విషయంలో అలా పెట్టుకునేవాళ్లు ఉన్నారు కూడా. మీకు లెటర్ వచ్చిందంటే మీ కేసు ఆ దారిలో పోలేదన్నమాట.

నంబర్ తప్పెలా పడుతుంది అంటే నేను చూసినంతలో రెండు రకాలు. ఒకటి ఫ్యాక్టరీలో, బండికున్న ఆప్షన్ల కోడ్ బట్టి లేబుల్ ప్రింట్ అవుతుంది, సన్‌రూఫ్ ఉన్నదానికి లేనిదాని లేబుల్ పడిపోతుంది, పెద్ద రిమ్ములున్నదానికి చిన్న రిమ్ములది పడిపోతుంది. రెండోది ఇంకా ఎక్కువ, బండి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చాక, కొనేవాళ్ల చేతికి రాకముందు మధ్యలో యాక్సెసరీలు బిగిస్తారు. రన్నింగ్ బోర్డులు, వెనక ట్రైలర్ తగిలించే హిచ్, పైన క్రాస్ బార్లు, మందపాటి మ్యాట్లు, ఇవన్నీ ఒక్కొక్కటి చూస్తే పెద్ద బరువేం కాదు గానీ అన్నీ కలిస్తే వంద పౌండ్లు దాటిపోతుంది, ఆ బరువంతా మీరు ఎక్కించుకోగలిగే బరువులోంచే పోతుంది, ఎందుకంటే బండి మొత్తం లిమిట్ అదేగా, అది పెరగదు. అమ్మకముందు కలిపిన బరువు 100 పౌండ్లు గానీ, బండి మొత్తం లిమిట్‌లో ఒకటిన్నర శాతం గానీ, రెంటిలో ఏది తక్కువైతే అది దాటితే లేబుల్ మీద నంబర్ సవరించాలి, లేదంటే దాన్ని ఆనుకునే ఎంత తగ్గిందో చెప్పే ఇంకో లేబుల్ వేయాలి అని రూల్. 6,000 పౌండ్ల బండైతే ఒకటిన్నర శాతం 90 పౌండ్లు. మా టెక్సస్ వైపు గల్ఫ్ స్టేట్స్ టొయోటా, ఫ్లోరిడా జార్జియా వైపు సౌత్‌ఈస్ట్ టొయోటా అని పెద్ద డిస్ట్రిబ్యూటర్లున్నారు, వాళ్ల యాక్సెసరీ బళ్లకి ఈ లేబుల్ మీదే చాలాసార్లు రీకాల్స్ వేశారు, కాబట్టి ఇదేదో మీ ఒక్కరికే వచ్చిన వింత లెటర్ కాదు.

ఇప్పుడు మీ లెక్క. స్టాండర్డ్‌లో ఒక్కో మనిషిని 150 పౌండ్లు, అంటే 68 కిలోలు అనుకుంటారు. ఏడు సీట్లకి 1,050. మీ కొత్త నంబర్ 1,120లోంచి అది తీసేస్తే మిగిలేది 70 పౌండ్లు. ఏడుగురు కూర్చున్నాక అందరి సామానూ కలిపి 70 పౌండ్లు! మనిషికి పది పౌండ్లు, అంటే ఒక చిన్న బ్యాక్‌ప్యాక్. పాత నంబర్ ప్రకారమైతే 200 మిగిలేది. మీ ఇంట్లో పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి అంత దారుణంగా ఉండదు, నేను అంచనాగా వేస్తున్నా, మీరు అసలు బరువులు పెట్టుకోండి. మీరు 180, ఆవిడ 145, పెద్దమ్మాయి 70, చిన్నోడు 45, నాన్నగారు 165, అమ్మగారు 150, అత్తగారు 155. మొత్తం 910. కార్ సీటు, బూస్టర్ కలిపి ఒక 35 వేసుకుంటే 945. అవును, డ్రైవర్ బరువు కూడా ఇందులోకే వస్తుంది, చాలామంది తమని తాము లెక్కపెట్టుకోరు. పెట్రోలు మాత్రం కలపక్కర్లేదు, అది బండి సొంత బరువులో ముందే కలిసిపోయింది. ఇంక మిగిలింది 175. రెండు రాత్రులకి రెండు పెద్ద సూట్‌కేసులు 90, ఐస్‌తో కూలర్ అందులో 24 నీళ్ల బాటిళ్లు కలిపి 50, స్ట్రోలర్ 25, పులిహోర డబ్బాలూ రైస్ కుక్కరూ పిల్లల సామానూ 30. మొత్తం 195. కొత్త లేబుల్ ప్రకారం 20 పౌండ్లు ఎక్కువ, పాత లేబుల్ చూసి వెళ్లుంటే ఇంకా 110 పౌండ్లు చోటుందనుకుని పైన రూఫ్ బాక్స్ కూడా పెట్టేవాళ్లు. రూఫ్ బాక్స్ ఖాళీగానే 40, 50 పౌండ్లుంటుంది, అదీ ఇందులోంచే.

20 పౌండ్లకి ఏమైపోతుందండీ అంటారేమో. 20కి టైరు పేలిపోదు, నిజమే, అబద్ధం చెప్పను. కానీ ఆ ఎక్కువ బరువు ఎక్కడ పడుతోందో చూడండి, మూడో వరసా డిక్కీ రెండూ వెనక యాక్సిల్ మీదా దాని వెనకా ఉంటాయి, కాబట్టి మీరు చివర్లో వేసే ప్రతి బ్యాగూ దాదాపు పూర్తిగా వెనక రెండు టైర్ల మీదే కూర్చుంటుంది. దానికి గాలి తక్కువ కూడా తోడైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ వంగి లేచి వంగి లేచి వేడెక్కుతుంది, ఆ వేడికి లోపల ఉక్కు బెల్టుకీ రబ్బరుకీ మధ్య అతుకు మెల్లగా వదులుతుంది, బయటికి ఏమీ కనిపించదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. ఒక జులైలో మా షాపుకి టో ట్రక్ మీద ఒక మినీవ్యాన్ వచ్చింది, కంపెనీ పేరు వద్దులెండి, మనవాళ్లే, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో కలిపి ఏడుగురు, పైన క్యారియర్, ఐ-35 హైవే మీద వెనక కుడి టైరు పోయింది. దేవుడి దయవల్ల ఆయన గట్టిగా బ్రేక్ కొట్టకుండా స్టీరింగ్ పట్టుకుని మెల్లగా పక్కకి తీశాడు, ఎవరికీ ఏం కాలేదు. ఆ టైరు రిమ్ము నుంచి ఊడదీసింది నేనే. పైన రబ్బరు పొర మొత్తం మామిడితాండ్ర పొర లేచొచ్చినట్టు ఒకే పట్టీగా ఊడిపోయింది, కింద ఉక్కు తీగలు బయటపడ్డాయి, లోపల చెయ్యి పెడితే గుప్పెడు నల్లటి రబ్బరు పొడి వచ్చింది. పొడి ఉందంటే పేలడానికి ముందు చాలాసేపటి నుంచే పక్కగోడ నలిగి నలిగి లోపల అరిగిపోతోందని అర్థం. ఆయన ఒకటే మాట, టైర్లు కొత్తవండీ, ఎనిమిది నెలలే అయింది అని. నిజమే, మిగతా మూడింటికీ గాడులు బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ ఎడమ వెనక టైరులో గాలి చూస్తే 27 ఉంది, ఉండాల్సింది 35. డ్యాష్‌బోర్డ్ మీద టైరు లైటు వెలగలేదండీ అన్నాడు. వెలగదు మరి, లేబుల్ మీద చెప్పిన గాలిలో నాలుగో వంతు పడిపోతేనే ఆ లైటు వెలిగి తీరాలని రూల్, 35కి అది 26 దగ్గర. 27 దగ్గర ఉన్నప్పుడు లైటు లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాడు, ఏడుగురినీ ఎక్కించుకున్నాడు. వెయిటింగ్ రూమ్‌లో ఆయన తల్లి మనవడి చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు, ట్రిప్పుకి వెళ్తున్నాం అని ఎవరు చెప్పినా నేను ముందు ఆ డోర్ తెరిచి లేబుల్ చూపిస్తా.

ఆ టైరు లైటుకి ఒక చరిత్ర ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ వాళ్లు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు, అవి ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ల మీద ఉండేవి, పొర ఊడిపోయి బళ్లు పల్టీలు కొట్టాయి, అమెరికాలోనే 270 మందికి పైగా చనిపోయారని లెక్కతేలింది. ఎక్స్‌ప్లోరర్‌కి ఫోర్డ్ చెప్పిన గాలి 26, ఫైర్‌స్టోన్ 30 ఉండాలంది, తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ కొట్టుకున్నాయి. ఆ గొడవలోంచే అదే ఏడాది నవంబర్లో ట్రెడ్ యాక్ట్ అని చట్టం వచ్చింది, ఇప్పుడు మీ డ్యాష్‌బోర్డ్ మీద ఉన్న టైరు లైటూ, డోర్ దగ్గర అందరికీ ఒకేలా ఉండే ఈ లేబులూ దాని తర్వాత వచ్చినవే. మీ కవర్లో వచ్చిన ఆ చిన్న స్టిక్కర్ వెనక అంతమంది ఉన్నారు.

మా నాన్న మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి లారీ తోలేవాడు. అప్పట్లో ఓవర్‌లోడ్ అనేది రోజువారీ మాట, కమాన్ కట్టలు తిరగబడి వంగేదాకా వేసేవాళ్లు. అయినా బండి ఎక్కేముందు ప్రతి టైరునీ ఇనుప రాడ్డుతో కొట్టి శబ్దం వినేవాడు, టంగుమంటే సరే, డబ్బుమంటే దిగి గాలి పట్టించాల్సిందే. ఆయన దగ్గర లేబుల్ లేదు, చెవి ఉంది. మన దగ్గర కూడా 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఏ అని సెక్షన్ పెట్టి రీకాల్‌ని చట్టంలోకి తెచ్చారు, కాబట్టి ఇండియాలో ఇవన్నీ ఎవరు చూస్తారు అని మీరు రాసిన మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు.

సరే ఏం చేయాలో చెప్తా. ముందు ఆ లెటర్ అసలుదేనా చూసుకోండి, ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మేవాళ్లు కూడా అచ్చం ఇలాంటి కవర్లే పంపుతారు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్స్ పేజీకి వెళ్లి మీ 17 అక్షరాల వీఐఎన్ కొట్టండి, అది ముందు అద్దం కింద డ్రైవర్ వైపు మూలలో కనిపిస్తుంది. రీకాల్ అక్కడ కనిపిస్తే అసలుదే. లెటర్‌లో తప్పు కేవలం బరువు నంబర్లోనేనా, లేక టైర్ సైజు, గాలి కూడా మారాయా అన్నది జాగ్రత్తగా చదవండి, గాలి నంబర్ మారుంటే ఇవాళే మార్చి కొట్టించండి.

స్టిక్కర్ అతికించేటప్పుడు పాతదాన్ని బ్లేడుతో గీకకండి, దానిమీదే వేయాలా పక్కన వేయాలా అన్నది కవర్లో కాగితం మీద ఉంటుంది, అలాగే చేయండి. డోర్ దగ్గర దుమ్మూ నూనె జిడ్డూ ఉంటుంది కాబట్టి రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనిచ్చి, బండి ఎండలో కాసేపు ఉండి పిల్లర్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మధ్యలోంచి అంచులకి బొటనవేలితో గట్టిగా రుద్దండి, చలికి గడ్డకట్టిన రేకు మీద అతికిస్తే నెలలో లేచిపోతుంది. ఇంట్లో అదే కంపెనీవి రెండు బళ్లుంటే వీఐఎన్ సరిచూసుకోండి, ఒకదాని స్టిక్కర్ ఇంకోదానికి వేసేసిన ఇల్లు నేను చూశా. ఇదంతా మావల్ల కాదంటే డీలర్ దగ్గరికెళ్లండి, పైసా తీసుకోకుండా చేయాలి, తీసుకుంటామంటే ఒప్పుకోకండి. కవర్లో తిరిగి పంపే కార్డు ఉంటే పంపండి, కొన్నాళ్లాగి వీఐఎన్ మళ్లీ కొట్టి రీకాల్ క్లోజ్ అయిందో లేదో చూడండి, స్టిక్కర్ అతికించేసినా రికార్డులో అలాగే ఓపెన్‌గా ఉండిపోయిన బళ్లు చాలా వస్తాయి మా దగ్గరికి, రేపు అమ్ముకునేటప్పుడు అదో తలనొప్పి. ఇంకో మాట, మనవాళ్లం ఉద్యోగాలకి రాష్ట్రాలు మారుతూ ఉంటాం, రీకాల్ లెటర్లేమో రిజిస్ట్రేషన్‌లో ఉన్న అడ్రస్‌కి పోతాయి. ఆర్నెల్లకోసారి వీఐఎన్ కొట్టి చూసుకోవడం అలవాటు చేసుకోండి. సెకండ్‌హ్యాండ్ కొన్నవాళ్లయితే తప్పకుండా, ఎందుకంటే కొత్త బండిని రీకాల్ సరిచేయకుండా డీలర్ అమ్మకూడదు గానీ పాత బళ్లకి అలాంటి ఫెడరల్ చట్టం లేదు.

ఇక ట్రిప్పు. బయల్దేరే రోజు పొద్దున్నే, బండి కదలకముందు, నాలుగు టైర్లకీ స్టెప్నీకీ గాలి చూడండి, డోర్ లేబుల్ మీద నంబరే పెట్టండి, టైరు పక్కన రాసుండేది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, అది మీ బండికి చెప్పింది కాదు. కొంతదూరం నడిచాక చూస్తే వేడికి నంబర్ ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు గాలి తీసేయకండి. నీళ్ల బాటిళ్లు ఇక్కడి నుంచి మోయకండి, దారిలో కొనుక్కోండి, ఒక సూట్‌కేసు తగ్గించండి, రైస్ కుక్కర్ ఇంట్లో పెట్టండి, గుడి దగ్గర ప్రసాదాలకి కొదవ లేదు. అంతే, లిమిట్ లోపలికి వచ్చేస్తారు. బరువైనవి మూడో వరస వెనక ఎత్తుగా పేర్చకుండా కింద, సీటు వీపుకి ఆనించి పెట్టండి. కార్లైల్ దాటాక పెన్సిల్వేనియా టర్న్‌పైక్ (టోల్ హైవే) మీద కొండలూ సొరంగాలూ మొదలవుతాయి, నిండా లోడుతో దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచేయకుండా గేర్ తగ్గించి దిగండి. ఖర్మకాలి టైరు పోతే గట్టిగా బ్రేక్ కొట్టొద్దు, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలి నెమ్మదైనాక పక్కకి తీయండి.

వీలైతే ఇంకో పని చేయండి, అందరూ ఎక్కి సామాను సర్దాక దారిలో ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (బళ్లు తూచే కాటా) మీద ఒకసారి తూకం వేయించండి, కార్లకీ వేస్తారు, కొద్ది డాలర్లే. ముందు చక్రాలు ఒక పలక మీద, వెనకవి ఇంకో పలక మీద ఉండేలా ఆపాలి, చీటీలో యాక్సిల్‌కి విడివిడిగా బరువు వస్తుంది. అత్తగారూ అమ్మగారూ ఇబ్బంది పడతారేమో, బండి తూకమే గానీ మనుషులది కాదని చెప్పండి. చీటీలో వచ్చిన వెనక యాక్సిల్ బరువూ, వీఐఎన్ ఉన్న లేబుల్ మీది వెనక యాక్సిల్ లిమిట్టూ రెండూ నాకు రాయండి, ఇంకా ఏమైనా దించాలా లేదా చూసి చెప్తా.